దుర్గవ్వ కొలతలు

దుర్గవ్వకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. బొంబాయి పక్క భివండిలోని గైబీ నగర్‌లో ఆమె ఉండే గల్లీవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. నల్లా దగ్గర వరస తప్పి బిందె పెట్టినవాళ్లు ఆమె అరుస్తున్నంతసేపూ నవ్వుతూ ఉంటారు. మాట మెల్లగా రావడం మొదలైతే బిందె తీసేస్తారు. సిరిసిల్ల పక్క పల్లెలో పుట్టి, పెళ్లయిన ఏడాదికి భర్త అంకుశం వెంట ఇక్కడికి వచ్చింది. నర్సింగ్ సేటు మరమగ్గాల కార్ఖానాలో ఇరవై ఏళ్లుగా ఆమె నూలు కండెలు చుడుతోంది, అతను మిస్త్రీగా మగ్గాలు బాగుచేస్తున్నాడు. ఒక్కతే కూతురు అనిత, మరాఠీ బడిలో చదువుతుంది.

1999 ఎండాకాలంలో దుర్గవ్వకు షుగర్ ఉందని తేలింది. డాక్టరు అన్నం తగ్గించమంటే తగ్గించింది. గంటకోసారి ఒంటికి పోవాల్సి రావడమే ఆమె ప్రాణానికి వచ్చింది. కార్ఖానాలో ఆడవాళ్లకు వేరే సండాస్ లేదు. ఎదుటి వరస గదుల చాల్‌లో ఉండే యమునాబాయి తమ సండాస్ తాళంచెవి ఇస్తే పరుగున పోయి వచ్చేది.

ఆ ఏడే ఊళ్లో తమ్ముడి కొత్త ఇంట్లో పాలు పొంగిస్తున్నారని ముగ్గురూ ప్రైవేటు బస్సెక్కారు. తెల్లారి నాందేడ్ దాటిన కాసేపటికి ఆమెకు కూర్చోవడం కష్టమైంది.

"జర బస్సు ఆపమని చెప్పు," అంది భర్తతో.

"గంటల బోధన్ వస్తది. గంత సేపు ఆగరాదా?"

ఇంకొంత దూరం పోయాక మళ్లీ అడిగింది. అంకుశం చుట్టూ చూసి, "నలుగుట్ల నగుబాటు జెయ్యకు," అని కిటికీవైపు తిరిగాడు. ఇక ఆమే లేచి డ్రైవరు దగ్గరికి వెళ్లింది. బస్సు అప్పటికే రెండు గంటలు ఆలస్యమని, అడిగినవాళ్లందరికీ ఆపుకుంటూ పోతే చేరినట్టేనని అతను అద్దంలోకి చూస్తూ చెప్పాడు. ఆమె తిరిగి తన సీటు దాకా రాలేకపోయింది. నడిమి దారిలోనే చీర తడిసిపోయింది.

వెనక నుంచి ఎవరో నవ్వారు. క్లీనరు గోనెసంచి తెచ్చి తలుపు దగ్గరి మెట్టు మీద పరిచి, సీటు ఖరాబవుతుంది, ఇక్కడ కూర్చోమన్నాడు. బోధన్ వచ్చేదాకా ఆమె ఆ సంచి మీదే కూర్చుంది. పన్నెండేళ్ల అనిత వచ్చి తల్లి పక్కన కూర్చుంది. అంకుశం సీట్లోంచి లేవలేదు.

తిరిగి వచ్చాక దుర్గవ్వ మళ్లీ భివండి దాటలేదు. కరీంనగర్‌లో అక్క బుచ్చమ్మకు కడుపు ఆపరేషన్ అయితే కూడా పోలేదు. "నేను సచ్చినంక వస్తవా?" అని బుచ్చమ్మ ఫోన్లో ఏడిస్తే, కార్ఖానాలో సుట్టి దొరకలేదని అబద్ధం చెప్పి పెట్టేసింది. అసలు సంగతి భర్తకూ కూతురికీ తప్ప ఎవరికీ తెలియదు. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

రెండేళ్ల తర్వాత బట్టకు గిరాకీ పడిపోయి, మందీ వచ్చి మగ్గాలు వారంలో మూడు రోజులు ఆగిపోయిన కాలంలో, అంకుశం ఒక పాత మెటడోర్ వ్యాన్ కొని తోలుకొచ్చాడు. బట్ట తాన్లు మోసి మోసి ఒళ్లంతా తుప్పు పట్టిన బండి. దాన్ని కార్ఖానా గోడ పక్కన పెట్టి, మగ్గాలు ఆగిన రోజల్లా దాని మీదే పడ్డాడు. అంతకు ముందు ఒకసారి అంజూర్ ఫాటా కూడలిలో పంక్చర్ దుకాణం ముందు విదేశీ జంట ఒకటి ఆగి ఉంటే, వాళ్ల బండిలోకి తొంగిచూశాడట. లోపల మంచం, పొయ్యి, నల్లా అన్నీ ఉన్నాయట. మనిషి ఆ రోజు నుంచి అదే ధ్యాసలో ఉన్నాడు.

"మన బండిల మనం ఊరికి పోదాం," అన్నాడు భార్యతో.

తుప్పు తిన్న నేల కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాడు. తుక్కుకు పోయిన మగ్గాల ఇనుప పట్టీలతో రెండు మంచాలు కట్టాడు. కీళ్లు పెట్టడం వల్ల పగలు మడిచి గోడకు ఆనించవచ్చు. ఇంజను నడుస్తుంటే నిండే రెండో బ్యాటరీ ఒకటి బిగించి, దానికి చిన్న ఫ్యానూ బల్బూ కలిపాడు. ఎండ దిగకుండా పైరేకుకూ ప్లైవుడ్‌కూ మధ్య కార్ఖానాలో ఊడ్చేసిన గుడ్డపేలికల చిందీ కుక్కాడు. మొదటి వానకే ఆ చిందీ నీళ్లు పీల్చి, లోపల తడికుక్క వాసన కొట్టింది. అదంతా పీకేసి, ఊరవతల కాశేలి గోదాముల బయట పారేసిన థర్మకోల్ పలకలు ఏరుకొచ్చి అతికించాడు. పనిలో అతని చెయ్యి మంచిదే. వంక పెట్టడానికి లేదు.

ఒకనాడు నల్లా దగ్గర యమునాబాయి దుర్గవ్వ భుజం మీద చెయ్యి వేసి, తనకొచ్చిన తెలుగులో జాలిగా అంది. "బస్సుల గట్ల అయిందంట గదా బాయీ. మీ ఆయన చెప్పిండు. నీ కోసమే బండిల సండాస్ కడుతుండంట. మంచి మొగుడు దొరికిండు నీకు."

దుర్గవ్వ బిందె నల్లా కిందే వదిలేసి కార్ఖానాకు నడిచింది. బండి వెనక తలుపు తెరిచి ఉంది. అంకుశం లోపల మోకాళ్ల మీద కూర్చుని మేకులు కొడుతున్నాడు. వెనక మూలలో నడుమ కంత పెట్టిన ఇనుప స్టూలు, దాని కింద మూతబెట్టే ప్లాస్టిక్ డ్రమ్ము, ముందు పూలపూల పర్దా ఒకటి కనిపించాయి.

"ఎంతమందికి చెప్పినవ్?" అని అడిగింది.

ఆమె గొంతు విని అతను సుత్తి కింద పెట్టాడు. "ఎవ్వలికి చెప్పిన? వెల్డింగాయన ఇదెందుకని అడిగిండు. సేటు అడిగిండు. యమునాబాయి…"

"ఆ దినం డ్రైవరుకు ఒక్క మాట చెప్పనీకి నీకు నోరు రాలె. నలుగుట్ల నగుబాటంటివి. ఇప్పుడు గైబీ నగరంత తిరిగి చెప్పనీకి వచ్చిందా నోరు?"

"నీ కోసమే జేస్తున్న గద."

"నా కోసం కాదు. నీ మనసుల గుచ్చుకుంటున్నది గద, దాని కోసం జేస్తున్నవ్. రెండేండ్లాయె. తప్పైందని ఒక్క మాట అననీకి రాలె నీకు. ఇనుము కొనుక్కొచ్చినవ్."

అంకుశం కింద పడ్డ మేకులు ఏరడం మొదలుపెట్టాడు. అది చూసి ఆమెకు ఇంకా ఒళ్లు మండింది. బండెక్కబోతే మెట్టు అందలేదు, పట్టుకోవడానికి ఏమీ లేదు. చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని, మోకాలు ఆనించి ఎక్కింది. స్టూలు మీద చెయ్యి వేసి చూసింది. అంచు గరుకుగా ఉంది. పర్దా పట్టుకుని ఒక్క లాగు లాగితే కడ్డీతో సహా ఊడి వచ్చింది.

"పర్దా ఏంది? బండిల ఆరుగురు కూసుంటే వాళ్ల నడుమ నేను బట్ట సాటుకు పోవాలెనా? బండి గుంతల పడితే దేన్ని వట్టుకోవాలె? గింత ఎత్తు స్టూలు మీద నీ కాళ్లు ఆనుతయి, నావి ఆనుతయా? నన్నొక్క మాట అడిగినవా?"

"అడిగితే నువ్వు కోపం జేస్తవని…"

"ఇప్పుడు జేస్తలేనా?"

ఆ పూట పర్దా చంకన పెట్టుకుని ఇంటికి పోయింది. బండిని తగలబెట్టాలన్నంత కోపం వచ్చింది. రెండు రోజులు అతనికి అన్నం పెట్టింది, మొహం చూడలేదు. గల్లీలో ఆడవాళ్లు తనను చూసి మాట ఆపేస్తున్నారనిపించింది. దాచుకున్నదంతా బజారున పడ్డాక ఇక దాచేదేముందని మూడో రోజు తెగించింది. బండరాయిలాంటి మొగుడు తప్పుగా కట్టినదాన్ని తానెందుకు వదులుకోవాలి? శుక్రవారం సుట్టి నాడు అనితకు నోటుబుక్కు ఇచ్చి బండి దగ్గరికి తీసుకుపోయింది.

ఆ తర్వాత మూడు నెలలు దుర్గవ్వ మొగుడితో మాట్లాడిన మాటలన్నీ కొలతలే.

"మోకాలు కాడికి పదహారు ఇంచులు. గదే స్టూలు ఎత్తు."

"అవ్వా, అర ఇంచ్ జాస్తి వస్తుంది," అనేది అనిత టేపు చూసి, మరాఠీ అంకెల్లో రాసుకుంటూ.

"తగ్గియమను మీ బాపును."

పర్దా పోయి రేకు తలుపు వచ్చింది. దానికి అంకుశం అలవాటు కొద్దీ బయట గడియ పెట్టాడు. దుర్గవ్వ చూసి, "లోపలున్నది నేనా, మేకలా?" అంది. అతను గడియ విప్పి లోపల బిగించాడు. చేతికందే ఎత్తులో రెండు ఇనుప కడ్డీలు వచ్చాయి. కిటికీ తల కంటే పైకి జరిగింది. వాసన పోవడానికి డ్రమ్ము నుంచి పైకప్పు దాకా గొట్టం పడింది. నీళ్ల డ్రమ్మూ ఈ డ్రమ్మూ ఒకే వైపు ఉండడం వల్ల నిండినప్పుడు బండి ఎడమకు ఒరుగుతోందని ముందుగా కనిపెట్టింది కూడా ఆమే. అంకుశం నీళ్ల డ్రమ్మును కుడివైపు మార్చాడు. స్టూలు అంచుకు ఆమె తానే గరుకు కాగితం పట్టి, చెంపకు ఆనించి చూసుకునేంత నున్నగా రుద్దింది. ఆ రుద్దుడులో పోయిన కోపం కొంత, పోనిది చాలా.

పని పూర్తయ్యాక నర్సింగ్ సేటు వచ్చి బండి చుట్టూ తిరిగాడు. "మంచిగ జేసినవ్ అంకుశం. వచ్చే వారం మా ఇంటోళ్లం షిర్డీ పోతం. గా వెనుక డబ్బా పీకేయి, నాలుగు సీట్లు పడతయి. సండాస్ పక్కన కూసొని దేవుని కాడికి పోతరా ఎవరన్న?"

అంకుశం నోరు తెరిచేలోపే దుర్గవ్వ అంది. "అది పీకరాదు సేటూ. ఇరవై ఏండ్లు మీ కార్ఖానల కండెలు సుట్టిన. ఆడోళ్లకు ఒక్క సండాస్ కట్టియ్యలె మీరు. నేను కట్టుకున్న దాన్ని పీకమంటరా?"

సేటు మొహం ఎర్రబడింది. మర్నాడు తన గోడ పక్కన బండి పెట్టొద్దన్నాడు. కాశేలిలో ఒక గోదాము కాపలాదారు యాదయ్య, వాళ్ల ఊరివాడే, తన గేటు పక్కన జాగా ఇచ్చాడు. పని మాత్రం పోలేదు. అంకుశం లాంటి మిస్త్రీని పోగొట్టుకునేంత కోపం సేటుకు లేదు.

దసరాకు వారం ముందు తెల్లవారుజామునే బయలుదేరారు. అంకుశం తోలాడు. దుర్గవ్వ, అనితలతో పాటు, కండెల పనిలోనే ఉండే ఆగమ్మ, మరో ఇద్దరు ఆడవాళ్లు ఎక్కారు. ఘాట్ ఎక్కేలోపే ఆగమ్మ లోపలికి పోయి గడియ పెట్టుకుని, బయటికి వచ్చి, "నేను సుత ఇరవై ఏండ్ల నుంచి బస్సెక్కుతే నీళ్లు తాగనే," అంది మెల్లగా. మిగతా ఇద్దరూ తామూ అంతేనన్నారు. దుర్గవ్వ నిర్ఘాంతపోయింది. ఇన్నేళ్లూ పక్కపక్కన కూర్చుని కండెలు చుట్టారు, ఒక్కరూ ఈ మాట అనలేదు. ఆమెకు తనతో సహా అందరి మీదా కోపం వచ్చింది.

రాష్ట్రం సరిహద్దులో చెక్‌పోస్టు దగ్గర ఆఫీసరొకడు బండి ఆపాడు. కాగితాలు చూశాడు, వెనక తలుపు తెరిచాడు, పకపకా నవ్వాడు. ఇంకో ఇద్దరిని పిలిచి చూపించాడు. తర్వాత మొహం గంభీరంగా పెట్టి, సామాన్లు మోసే బండిని ఇలా మార్చడం నేరమని, ఆ డబ్బా ఇక్కడే విప్పి పారేయమని హిందీలో చెప్పాడు. ఈసారి అంకుశం దిగాడు. "నహీ నికాలేంగే సాబ్," అని, తీసేది లేదని గట్టిగా చెప్పాడు. ఆఫీసరు అతని కాలరు మీద చెయ్యి వేశాడు.

దుర్గవ్వ కడ్డీ పట్టుకుని దిగింది. ఆమె బొంబాయి బజారు హిందీ అతనికి బాగానే అర్థమైంది. "రాసుకో సాబ్," అంది. "బండి మార్చినరని రాయి. ఎందుకు మార్చినరో అది సుత రాయి. నాకు షుగర్ బీమారి. బస్సు ఆపమంటే ఆపలె. పబ్లిక్ ముందట చీర ఖరాబైంది. గోనెసంచి మీద కూసోబెట్టిన్రు. గిదంత నీ కాగితంల రాసి, కింద నీ పేరు పెట్టి ఇయ్యి. నేను ఇంటికాడ గోడకు పెట్టుకుంట."

ఆమె అరవలేదు. అందుకే కాబోలు, పక్కన నిలబడ్డ లారీ డ్రైవర్లు సైతం వినడానికి దగ్గరికి జరిగారు. ఆఫీసరు కాలరు మీది చెయ్యి తీశాడు. కాగితంలో జరిమానా మాత్రం రాసి, భివండి తిరిగి పోయాక బండి కాగితాలు సరిచేయించుకోమని గొణిగి పంపేశాడు.

బండి చాలా దూరం పోయింది. తర్వాత అంకుశం, "నువ్వే చెప్తవనుకోలె," అన్నాడు.

"నా ముచ్చట. నేను చెప్పుకుంట. నువ్వు చెప్తే అది చాడీ."

అతను రెండు గుంతలు తప్పించి, రోడ్డు మీదే చూపు పెట్టి, "తప్పైంది, దుర్గా," అన్నాడు. ఆమె విన్నది. సరేననలేదు. బండి ఆపమంది, లోపలికి పోయి గడియ పెట్టుకుంది, వచ్చి చెంబెడు నీళ్లు తాగి అతని పక్కన కూర్చుంది. బుచ్చమ్మ ఇంట్లో మూడు రోజులు ఉన్నారు. అక్క ముందు రెండేళ్ల అబద్ధం విప్పి చెప్పింది. బుచ్చమ్మ మొదట చెల్లెల్ని తిట్టింది, తర్వాత బస్సువాళ్లను తిట్టింది, ఆ తర్వాత మరిదిని తిట్టింది. ఆ మూడో తిట్టుకు దుర్గవ్వ అడ్డు చెప్పలేదు.

బండి ఏడేళ్లు తిరిగింది. గైబీ నగర్‌లో బాలింతలు, మోకాళ్లు నొచ్చే ముసలమ్మలు అందులోనే ఊళ్లకు పోయారు. 2008లో ఇంజను పూర్తిగా కూర్చుంటే తుక్కుకు వేశారు. దాంతో దుర్గవ్వ మళ్లీ బస్సు గురించి ఆలోచించాల్సి వచ్చింది. టికెట్టు తీసుకోలేదు. ఒక శుక్రవారం అంజూర్ ఫాటాలోని ఒక బస్సు ఆఫీసుకు పోయి, మేనేజరు ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎక్కడెక్కడ ఆపుతారో, ఆ చోట ఆడవాళ్లకు సండాస్ ఉందో లేదో టికెట్టు వెనక అచ్చు వేయమంది. చూద్దామన్నాడతను. వచ్చే శుక్రవారం మళ్లీ పోయింది. ఆ పై శుక్రవారం ఆగమ్మతో కలిపి పదకొండు మంది పోయి ఆఫీసు నిండా నిలబడ్డారు.

పండుగ రద్దీకి ముందు కొత్త టికెట్లు వచ్చాయి. వెనక ఆగే చోట్లు ఐదు అచ్చయ్యాయి. దుర్గవ్వ అనితతో రెండుసార్లు చదివించుకుని, నాందేడ్‌కూ బోధన్‌కూ మధ్య ఒక్కటీ లేదని టికెట్టు మేనేజరు బల్ల మీద పెట్టింది.

"ఆరు కావాలె," అంది మెల్లగా.