మామ నా చేతికిచ్చిన తాడు

నా చిన్నప్పుడు మా వైపు మోటారంటే ఒక్కటే. బస్తరు అప్పటికింకా రాజుగారి రాజ్యమే. మద్దేడు దాటి అడవిలోకి పోయే బాట పక్కన మా ఊరు. ఆ మోటారు మా జమీందారు దొరది, నడిపేది మా మేనమామ. దొర అందులో ఎక్కి తిరిగిన రోజులకంటే అది కొట్టంలో పడి ఉన్న రోజులే ఎక్కువ. అయినా మామ దాన్ని రోజూ తుడిచేవాడు. పెళ్లి చేసుకోరా అని అమ్మమ్మ పోరు పెడితే, కొట్టంలో ఉన్న ఒకదాన్ని సాకడానికే నా ప్రాణం పోతోంది, ఇంట్లో ఇంకొకతె ఎందుకని నవ్వేవాడు. అమ్మమ్మ మోటారును సవతి కోడలంటూ శాపనార్థాలు పెట్టేది.

ఆ ఏడు ఎండాకాలం మా అమ్మకు జబ్బు చేసింది. ఏం జబ్బో నాకెవరూ చెప్పలేదు, ఇప్పటికీ సరిగా తెలియదు. జ్వరం వచ్చేది, తగ్గేది, మళ్లీ వచ్చేది. ఊళ్లో చేయించాల్సిన వైద్యాలన్నీ అయ్యాక మామ దొర కాళ్లావేళ్లా పడి మోటారు అడిగి, అమ్మను జగదల్‌పూర్ దవాఖానకు తీసుకెళ్లాడు. నాన్న తోడుగా వెళ్లి అక్కడే ఉండిపోయాడు. వెనక సీట్లో పడుకోబెట్టినప్పుడు అమ్మ నన్ను దగ్గరికి పిలిచి, అమ్మమ్మ మాట విను, రోజూ తల దువ్వించుకో అంది. అంతే. ఇంకేదైనా పెద్ద మాట చెప్పి ఉంటే దాచుకునేదాన్ని కదా అని చాలా ఏళ్లు ఏడ్చాను.

అమ్మను దింపి తిరిగి వచ్చేటప్పుడు దారిలోనే మోటారు ఇంజను లోపల ఏదో కొట్టుకోవడం మొదలుపెట్టింది. మామ దాన్ని బుజ్జగించి, తిట్టి, ఎలాగో కొట్టం దాకా తెచ్చాడు. లోపలి బేరింగు అరిగిపోయిందట. ఇంజను మొత్తం పైకి తీస్తే తప్ప బాగుపడదు. సరిగ్గా అప్పుడే దొర గుమాస్తా జగదల్‌పూర్ నుంచి కబురు తెచ్చాడు. అమ్మకు నెమ్మదించింది, వచ్చి తీసుకుపొమ్మన్నారని. మా ఇంట్లో ఆ పూట పండగే. కానీ పడమట మబ్బులు కమ్ముతున్నాయి. ఒక్కసారి వానలు దిగితే వాగులన్నీ పొంగి, సడక్ మూసుకుపోయి, మళ్లీ దసరా దాకా రాకపోకలుండవు. ఎడ్ల బండి మీద తేవాలంటే ఆ కుదుపులకు అమ్మ తట్టుకోలేదు. వానలకంటే ముందు మోటారు లేవాలి, అమ్మ ఇంటికి రావాలి. మాకు వేరే ఆలోచనే లేదు.

మా దగ్గర గొలుసులెక్కడివి, కప్పీలెక్కడివి! మూడు టేకు దుంగలను మోటారు ముందు భాగం మీద గూడుగా నిలబెట్టి, అడ్డాకు తీగ నారతో పేనిన మోకులు కట్టారు. సాయానికి వచ్చినవాడు దొర బండ్లు తోలే ముసలాయన. దొర్ల తెగవాడు. ఊరంతా బండి తాత అనే పిలిచేది. ఇంజను పైకి రావాలంటే ముందు దాన్ని వెనక ఇరుసు నుంచి విడదీయాలి. ఆ మోటారులో వెనక చక్రాల ఇరుసు నుంచి ఒక లావుపాటి ఇనుప గొట్టం ముందుకు సాగి వచ్చి, దాని మూతి ఇంజను వెనక భాగానికి తగులుకుని ఉండేది. ఇంజను బలం ఆ గొట్టం లోపలి కడ్డీ గుండానే చక్రాలకు చేరేది. తాత మోటారు కింద దూరి బోల్టులన్నీ విప్పాడు. విప్పి, ఎంతో మర్యాదగా ఆ గొట్టం మూతిని నేల మీదికి దించి పెట్టాడు.

మామ పెట్టిన కేకకు కొట్టం మీది పావురాలు లేచిపోయాయి.

"ఓరి నీ పాడుగాను! దించినవా? ఎత్తు తాతా, ఎత్తు!"

"ఏందిరా గట్ల మొత్తుకుంటవ్? ఎద్దులను ఇడిసినంక నొగలు కిందికి దించమా ఏంది?"

తాత చేసింది తప్పని నేను ఇప్పటికీ అనలేను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ బండి విప్పగానే ఆయన చేసే పని అదే. మామకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మోటారు కింద దూరి మూతిని భుజం మీదికెత్తుకుని అక్కడినుంచే అన్నాడు, "ఖాళీ బండికైతే నొగ దించుతవ్ తాతా. ధాన్యం నిండిన బండికి దించుతవా? కర్ర పోటు పెట్టవా? ఇది నిండు బండి అనుకో. దీని బరువు ఇన్నాళ్లు ఇంజను మోసింది. ఇంజను వచ్చేదాకా మనం మొయ్యాలె."

తాత నెత్తి కొట్టుకున్నాడు. అదృష్టం బాగుండి ఏదీ వంగలేదు, కాస్త దుమ్ము మాత్రం పడింది. మామ ఆ మూతిని తుడిచి, మట్టి దూరకుండా గుడ్డ చుట్టి, మోకుతో పైన మోటారు చట్రానికి బిగించి కట్టాడు. ఆ తర్వాతే ఇంజను పైకి లేచింది.

ఇక నా సంగతి. నేను ఆ రోజుల్లో ఎవరికీ పట్టుబడని పిల్లనయ్యాను. పొద్దున్నే వెళ్లి సడక్ మీద నిలబడేదాన్ని. అన్నం ముందు పెడితే చల్లారేది. మామ ఏ పానా చేతిలోకి తీసుకున్నా, అయిపోయిందా, ఇక పోదామా అని అడిగేదాన్ని. అమ్మమ్మ కొట్టబోయేది, కొట్టలేక తనే కళ్లు తుడుచుకునేది. ఒకరోజు మామ నన్ను పిలిచి వెనక చక్రం పక్కన పీట వేసి కూర్చోబెట్టాడు. మోటారు కింది నుంచి ఒక తాడు కొస లాగి నా చేతికిచ్చాడు.

"ఇది ఇరుసు మూతి పట్టుకున్న తాడు. ఇడిస్తే మూతి నేలకు తగుల్తది, మోటారు పాడైతది. ఇగ నీదే భారం బిడ్డా. గట్టిగ పట్టుకో."

ఆ ఇనుము బరువు పిల్లదాని చేతిలో ఆగుతుందా? ముడి పైన చట్రానికే ఉంది. నా చేతికిచ్చింది మిగిలిపోయిన కొస. పెద్దవాళ్లందరికీ అది తెలుసు. నాకే తెలియదు. అన్నం కూడా అక్కడే తిన్నాను, ఒక చేత్తో తాడు పట్టుకుని, ఇంకో చేత్తో కలుపుకుని. బండి తాత వచ్చి, ఇంజనీరమ్మా, కొంచెం సేపు నాకియ్యవా అని ఏడిపించేవాడు. ఛీ పో, నువ్వు దించుతావు అనేదాన్ని.

మామ బేరింగు పని చేసుకుంటూ అమ్మ కబుర్లు చెప్పేవాడు. ఇప్పపూలు ఏరడంలో ఊళ్లో ఎవరూ అక్కకు సాటి రారని, ఏరినవి ఈయన దొంగతనంగా తింటే వీపు చిట్లగొట్టిందని, వాగులో ఈత నేర్పింది అక్కేనని. అమ్మ గురించి నాకు తెలిసిందంతా దాదాపు ఆ పీట మీద విన్నదే. నా అంతట నేను చూసిన అమ్మ చాలా కొంచెం.

ఒక మధ్యాహ్నం పెద్ద గాలి లేచింది. వానకు ముందు వచ్చే గాలి. మామిడికాయలు దడదడా రాలుతున్నాయి. పిల్లలంతా కేకలేస్తూ పరుగు తీశారు. నాకేమైందో తెలియదు, తాడు వదిలేసి నేనూ ఉరికాను. ఒడినిండా కాయలు ఏరుకున్నాక గుర్తొచ్చింది. పరుగెత్తుకొచ్చి చూస్తే మూతి ఎక్కడిదక్కడే ఉంది, పక్కన తాత కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. నా బదులు ఆయన పట్టుకుని ఉంటాడనుకున్నాను. ఎవరితోనూ ఏమీ అనలేదు. కాయలన్నీ పారబోసి మళ్లీ తాడు పట్టుకున్నాను.

ఇంజను తిరిగి ఎక్కించిన రోజు ఊరు ఊరంతా కొట్టం దగ్గరే. ఇంజనును దించుతూ, గొట్టం మూతిని నెమ్మదిగా దానికి ఎదురు తెచ్చారు. బలవంతంగా నెట్టొద్దని మామ అరుస్తూనే ఉన్నాడు. తాత వెనక చక్రాన్ని చేత్తో కొంచెం కొంచెం తిప్పితే లోపలి పళ్లు ఒకదాన్నొకటి వెతుక్కుని టక్కున కూర్చున్నాయి. మోకు బిగుసుకుపోయి ముడి ఊడిరాలేదు. మామ తాడును కొడవలితో కోసేసి, ముడిని అలాగే వదిలేసి బయల్దేరాడు. నేను వెంట వస్తానని ఎంత ఏడ్చినా తీసుకెళ్లలేదు.

మోటారు తిరిగొచ్చినప్పుడు చినుకులు పడుతున్నాయి. వెనక సీట్లో నాన్న ఒక్కడే కూర్చుని ఉన్నాడు. మామ స్టీరింగు చక్రం మీద చేతులు పెట్టుకుని దిగకుండా అలాగే ఉండిపోయాడు. జ్వరం తిరగబెట్టిందట. మోటారు చేరేసరికే అమ్మ పోయింది. అక్కడే ఏటి ఒడ్డున అన్నీ ముగించి వచ్చారు.

నాకు మాట పడిపోయింది. పిల్ల దిగులు పెట్టుకుందని అందరూ అనుకున్నారు. దిగులు ఒక్కటే అయితే ఏడ్చేదాన్ని కదా! ఏడవలేకపోయాను. చివరికి మామే నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఏంది బిడ్డా, నాతోనన్న చెప్పవా అని బతిమాలితే చెప్పాను.

"నేను తాడు ఇడిసిన మామా. మామిడికాయలకు ఉరికిన. అందుకే అమ్మ రాలే."

మామకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన ముఖం నేను చూడలేకపోయాను. వానలోనే నన్ను ఎత్తుకుని కొట్టానికి తీసుకెళ్లాడు. ఇద్దరం వెల్లకిలా పడుకుని మోటారు కిందికి జరిగాం. చట్రానికి ఆ ముడి ఇంకా ఉంది, కోసిన కొసలతో. నా చెయ్యి పట్టుకెళ్లి దాని మీద పెట్టి, లాగమన్నాడు. ఎంత లాగినా కదల్లేదు.

"నీ చేతికి ఇయ్యకముందే కట్టిన. నువ్వు పట్టుకున్నా ఇడిసినా అది పడదు. నీ చేతుల ఏం లేకుండె బిడ్డా. నా చేతుల కూడా లేకుండె."

అని ఆయన అక్కా, అక్కా అంటూ ఇరుసు కిందే పడి ఏడ్చాడు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. బట్టలన్నీ నూనె మరకలతో బయటికొచ్చిన మా ఇద్దరి తలలూ అమ్మమ్మ కొంగుతో తుడిచింది.

ఆ రోజు వల్లే పెద్దయ్యాక నాకొక అలవాటు పడింది. దవాఖాన మెట్ల మీద ఎదురుచూసేవాళ్లు కనిపిస్తే ఊరికే కూర్చోనివ్వను. నా సంచిలోని చిక్కుడుకాయలు ఒలవమంటాను, బియ్యంలో రాళ్లు ఏరమంటాను, చిన్నపిల్లలైతే మరీను. కానీ ఆ పని చేతికిచ్చేటప్పుడే చెప్పేస్తాను, దీనివల్ల రోగం తగ్గదమ్మా, నీ చేతులకు పని ఉండాలనే అని. మావాళ్లు, ఆ మాట కూడా చెప్పాలా నీకు అని కసురుతారు. చెప్పాలి. మామ ముడి చూపించకపోయి ఉంటే నేను ఎలా బతికేదాన్నో నాకు తెలుసు.

నా చేతుల్లో ఏమీ లేదని మామ అన్నది నిజమేనని ఇన్నేళ్లుగా నమ్ముతూనే ఉన్నాను. అయినా వాన మొదలయ్యే వేళల్లో ఒక్కోసారి, ఆ మాట అబద్ధమైతే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. అమ్మ ప్రాణం నిజంగా ఆ తాడుకే కట్టి ఉందని ఎవరైనా నాకు చెప్పి ఉంటే, నేను వదిలేదాన్నా?