వాకిలి తెరిచావమ్మా

కోచ్ అంకుల్ పోయారన్న కబురు సెరంగూన్ స్టేషన్‌లో, ట్రైన్ తలుపులు మూసుకుంటుండగా, మా హాకీ గ్రూపులో వచ్చింది. గుండెపోటు. దాని కింద అప్పటికే చేతులు జోడించిన బొమ్మలు బారులు తీరాయి. బతికుండగా ఆయన్ని చాదస్తం మనిషి అన్నవాళ్ల బొమ్మలే అన్నిటికంటే ముందున్నాయి. నేనేమీ పెట్టలేదు. ఆయన గురించి మంచి చెప్పబోతే చేదు కూడా చెప్పాల్సి వస్తుంది. నాకు రెండూ ఒక్కచోటే దొరికాయి మరి.

ఏడాది పొడుగునా చెమటలు కారే ఈ ఊళ్లో ఐస్ హాకీ ఆడేవాళ్లం గుప్పెడుమందిమి. గోల్ ముందు నిలబడే గోలీలం ఇంకా తక్కువ. ("ఈ వయసులో గోలీలాటేంటే?" అంది మా అమ్మ మొదట విన్నప్పుడు.) అంకుల్‌ది కాకినాడ. కెనడాలో ఉద్యోగం చేసినన్నాళ్లూ అక్కడివాళ్లతో ఆడి ఈ విద్య పట్టారట. ఇక్కడ రిటైరయ్యాక శనివారాలు మాకు నేర్పేవారు. మెడకి మఫ్లర్ చుట్టుకుని గోల్ వెనక అద్దానికి ముక్కు ఆనించి నిలబడేవారు. నా మోకాళ్ల మధ్య సందు కనిపిస్తే చాలు, ఉంగరంతో అద్దం మీద టకటకా కొట్టి, "వాకిలి తెరిచావమ్మా!" అని అరిచేవారు. వినీ వినీ చైనీస్, మలయ్ పిల్లలకి కూడా ఆ మాట వచ్చేసింది. గోల్ పడగానే వాళ్లూ, ఇక్కడ ప్రతి మాట చివరా తగిలించే 'లా' చేర్చి, "వాకిలి లా!" అనేవాళ్లు.

గోలీకి ఎక్కడ ప్రమాదమని మొదట్లోనే అడిగాను. భుజాల పైన మూలలని చెబుతారనుకున్నాను.

"అందరికీ ఆ పైమూలలంటేనే బెంగ. అక్కడ కొట్టాలంటే అవతలివాడికి చేతిలో పనితనం ఉండాలి. కాళ్ల మధ్యనుంచి కొట్టడానికి ఏ పనితనమూ అక్కర్లేదమ్మా. నువ్వు కదిలితే చాలు. పక్కకి జరగాలంటే కాళ్లు విడదీయాలి కదా? తెలివైనవాడు దానికోసమే కాచుకుంటాడు. కుదురుగా నిలబడు."

కుదురు. పుట్టినప్పటినుంచీ ప్రతి ఆంటీ నా నెత్తిన మొట్టిన మాట. రెండు ఉద్యోగాలు మానేసినప్పుడు మా అమ్మ వాడిన మాట. ఆయన నోట మాత్రమే అది తిట్టులా వినిపించలేదు. అందుకే నమ్మాను.

తర్వాత బ్యాంకాక్ పోటీకి ఎంపికలు వచ్చాయి. ముగ్గురు గోలీలం, ఇద్దరికే చోటు. బుకిట్ పంజాంగ్ నుంచి వచ్చే మా జట్టు అమ్మాయి గోల్ కొట్టడానికి నా ఎదురుగా వచ్చి, పక్‌ని, అదే మేం బంతికి బదులు వాడే రబ్బరు బిళ్లని, కొట్టకుండా ఆగింది. ఊరికే ఆగింది. నేను కదిలాను. పక్ కాళ్ల మధ్యనుంచి పోయింది. మళ్లీ ఆగింది, మళ్లీ పోయింది. నాకు చోటు పోయింది.

స్కేట్లు విప్పుకుంటూ ఆ అమ్మాయే చెప్పింది. "అంకుల్ సెడ్ వెయిట్ లా. యూ షూర్ మూవ్ ఫస్ట్."

ఆయన పక్కనే తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో టీ ఊదుకుంటున్నారు. నాకూ ఒకటి తెప్పించి ఉంచారు.

"నా బలహీనత దానికెలా చెప్తారంకుల్?"

"నేను చెప్పకపోతే లేకుండా పోద్దా?"

"మీరు నా కోచ్!"

"దానికీ కోచ్‌నేగా."

"కనీసం తెలుగువాళ్లమని కూడా..."

"మంచుకి తెలుగొచ్చా ఏంటమ్మా?" నవ్వారు. "బ్యాంకాక్ వెళ్తే పరాయివాళ్లు ఏడిపించి నేర్పుతారు. నేను టీ ఇప్పించి నేర్పుతున్నాను. కూర్చో."

కూర్చోలేదు. ఆ తర్వాత వేరే బ్యాచ్‌కి మారిపోయాను. ఆయన చేసింది న్యాయమే అయుండచ్చు. నాకు కావలసింది న్యాయం కాదు, నా వైపు ఒక్క మనిషి. ఇప్పటికీ అదే అంటాను.

కబురు తెలిసిన సాయంత్రం యీషున్‌లో అంకుల్ వాళ్ల ఫ్లాట్‌కి వెళ్లాను. వాకిలి బార్లా తీసి ఉంది, బయట నిండా చెప్పులు. ఆంటీ నన్ను ఎగాదిగా చూసి, "కుదురులేని పిల్లవి నువ్వేనా?" అన్నారు. "ఒక్క క్షణం ఆగడం నేర్చుకుంటే ఆ పిల్లని కొట్టేవాళ్లు ఈ ఊళ్లో లేరనేవారమ్మా."

నాతో అనలేదు. అనడానికి అన్ని శనివారాలున్నాయి ఆయనకి. ఆంటీ ఇచ్చిన మంచినీళ్లు తాగి, బయట నా చెప్పులు వెతుక్కున్నాను. ఏడుపు కంటే కోపమే ఎక్కువొచ్చింది.

ఈ శనివారం మళ్లీ మా పాత గోల్ ముందు నిలబడ్డాను. కొత్తగా చేరిన ఒకమ్మాయి ఎదురుగా వచ్చి ఆగింది. నేను కదిలాను. పక్ జారిపోగానే ఆ పిల్ల కర్ర పైకెత్తి "వాకిలి లా!" అని అరిచింది. ఆయన్ని ఎన్నడూ చూడలేదు, అది ఏ భాషో కూడా తెలియదు.

పక్ తీయడానికి వెనక్కి తిరిగాను. అద్దం మీద, ఆయన చెయ్యి ఆనే ఎత్తులో, ఉంగరం గీసిన సన్నటి గీతలు అలాగే ఉన్నాయి. పక్కన ఆయన ఊపిరికి మసకబారే చోటు మాత్రం తేటగా ఉంది. అవతల ఖాళీ బెంచీ కనిపిస్తోంది.