మా అక్క చేతికి మండని మిరపకాయ

తొడిమలు తీస్తున్న మిరపకాయలను పక్కకు నెట్టి, ఈ ఏడాది కాయలో మంట లేదని మా అక్క తీర్పు చెప్పేసింది. బావ ముఖం మాడిపోయింది. ఆ కాయ గురించి ఆయన పర్చూరు దాకా గొప్పలు చెప్పి వచ్చాడు. వెంటనే విత్తనాల కొట్టువాణ్ణి తిట్టడం మొదలుపెట్టాడు. తిట్లు సగంలో ఉండగా అక్క కంట్లో ఏదో పడిందని వేలితో నలుపుకుంది. మరుక్షణం కేకపెట్టి నీళ్ల తొట్టి దగ్గరకు పరుగెత్తింది. ఆమె కంట్లో నీళ్లు కొట్టుకుంటుంటే బావ తిట్లు ఆపి, "అయితే కాయ మంచిదేనన్నమాట" అన్నాడు తృప్తిగా.

నవ్వులయ్యాక నాకు అనుమానం వచ్చింది. కన్ను మండినప్పుడు చెయ్యి ఎందుకు మండలేదు? అడిగితే, కొంతకాలంగా వేళ్లన్నీ తిమ్మిరిగా ఉంటున్నాయని, గ్లాసులు జారిపోతున్నాయని చెప్పింది. మిరపకాయల్లో మెలిగే చేతులకు ఇదంతా మామూలే అనుకుని ఎవరికీ చెప్పలేదట.

అక్కకు కీళ్లవాతం వచ్చి చాలా ఏళ్లయింది. పొద్దున లేచేసరికి మణికట్లు, వేళ్ల కణుపులు వాచి పిడికిలి ముడుచుకునేది కాదు. గుంటూరులో డాక్టరమ్మ వారానికొకసారి వేసుకునే మాత్ర రాశారు. వాపు కొంత తగ్గింది. పూర్తిగా తగ్గలేదని పోయినేడు రోజూ వేసుకునే మాత్ర ఇంకొకటి కలిపారు. తిమ్మిరి ఆ మాత్ర తర్వాతే వచ్చిందంటుంది అక్క. అంతకుముందే గాజు గ్లాసు బద్దలైందంటాడు బావ. పత్రికలో పనిచేసిన అలవాటు కొద్దీ ఇద్దరినీ విడివిడిగా అడిగాను. అడిగినప్పుడల్లా ఇద్దరి సాక్ష్యమూ మారింది.

కళ్లంలో ఆరబోసిన కాయను సంచులకు ఎత్తవచ్చో లేదో చెప్పేది అక్కే. గుప్పెడు కాయలు తీసుకుని మెల్లగా నొక్కి చూస్తుంది. తడి మిగిలితే బూజు పడుతుంది, మరీ ఎండితే చిట్లి గింజ రాలుతుంది. ఆమె సరే అనేదాకా బావ సంచి ముట్టుకోడు. జబ్బుకన్నా ఆ పెత్తనం గురించే అక్కకు బెంగ.

"వేళ్లకి తెలవకపోతే కళ్లంలో నన్నెవరడుగుతార్రా?" అంది గుంటూరు బస్సులో.

ఆసుపత్రిలో నరాల పరీక్ష చేశారు. చేతికి చిన్నగా కరెంటు పెడుతుంటే, పొలంలో మోటారు స్టార్టరు ముట్టుకున్నట్టే ఉందని అక్క పరీక్ష చేసే అమ్మాయిని నవ్వించింది. మణికట్టులో మిగిలిన వాపు నరాన్ని నొక్కుతోందని డాక్టరమ్మ చెప్పారు. అయితే నొక్కుడు పడని, చిటికెన వేలి వైపు నరంలోనూ కొంత దెబ్బ కనిపించిందట. కీళ్లవాతమే నరాలను దెబ్బతీయవచ్చు. రోజూ వేసుకునే ఆ మాత్ర వల్ల కూడా అరుదుగా కొందరికి తిమ్మిరి వస్తుందట.

వెంట వచ్చిన బావకు తోచిన వైద్యం ఒకటే. "మాత్రలన్నీ ఆపేద్దామండి, పీడా పోద్ది."

"అన్నీ ఆపితే వాపు తిరగబెడుతుందండీ. అప్పుడు నరం ఇంకా నలుగుతుంది" అన్నారామె. అనుమానం ఉన్న మాత్ర ఆపి, దాని బదులు వేరే మందు ఇచ్చారు. వారం మాత్ర మానవద్దని బావకే గట్టిగా చెప్పారు.

మళ్లీ కోతల కాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం అక్క ఫోను చేసింది.

"ఒరేయ్ తమ్ముడూ, మండుతోందిరా!"

ఏమైందోనని కంగారుపడ్డాను. కాయలు తుంచుతుంటే బొటనవేలు, దాని పక్క రెండు వేళ్లు భగ్గుమంటున్నాయట. బావ మజ్జిగ గిన్నె తెచ్చినా చెయ్యి ముంచనివ్వలేదట, మంట కాసేపు ఉండనిమ్మందట. వెనక నుంచి ఆయన విసుక్కోవడం నాకూ వినిపించింది. మర్నాడు నేను వెళ్లేసరికి ఆమె కళ్లంలోనే ఉంది. కాయలు నొక్కి చూసి, ఇంకా ఎండాలని బావను వెనక్కి పంపించింది. ఆయన ఖాళీ సంచులు భుజాన వేసుకుని వెళ్లాడు.

చిటికెన వేలు, దాని పక్క వేలు ఇప్పటికీ మొద్దుగానే ఉన్నాయి. అది జబ్బు చేసిన పనా, ఆపేసిన మాత్ర చేసిన పనా అన్నది రెండోసారి చేసిన పరీక్షలోనూ తేలలేదు.