ఇటాలియన్ కోసం వెళ్తే ఇంగ్లీష్ వడ్డించారు

వచ్చే నెల మా వియ్యపురాలు ఇటలీ నుంచి మా ఇంటికి వస్తున్నారు. ఆవిడకి ఇటాలియన్ తప్ప మరో భాష రాదు. పెళ్ళిలో మా అబ్బాయి మధ్యలో నిలబడి ఒక్కో మాటా అటూ ఇటూ మోశాడు; మేమిద్దరం నవ్వుకోవడం తప్ప ఏమీ చేయలేకపోయాం. ఈసారైనా నేరుగా మాట్లాడాలని ఏడాదిగా ఫోన్‌లో పాఠాలు వింటున్నాను. న్యూయార్క్‌లో ఒక యూనివర్సిటీ ఇటాలియన్ విభాగం శనివారాలు ఇటాలియన్ నేర్చుకునే బయటివాళ్ళ కోసం మాటల బల్ల, అంటే అందరూ కూర్చుని కబుర్లాడే కాన్వర్సేషన్ టేబుల్, నడుపుతోందని, అక్కడ ఇటాలియనే మాట్లాడతారని తెలిసి బయల్దేరాను.

న్యూజెర్సీ పిస్కాటవేలో మా ఇంటి నుంచి ఎడిసన్ స్టేషన్‌కి పావుగంట. తొమ్మిదిన్నర ప్రాంతంలో ట్రైన్ ఎక్కితే సుమారు గంటలో పెన్ స్టేషన్, టికెట్ ఒక వైపుకి పదిహేను డాలర్ల పైచిలుకు. అక్కడి నుంచి సబ్‌వే. మావారు తోడొచ్చారు, దారంతా సణుగుతూనే.

గది బాగుంది. గోడల నిండా ఇటలీ ఊళ్ళ ఫొటోలు, కాఫీ ఉచితం. నడిపే ప్రొఫెసర్ ఇటలీ ఆవిడే. ఇటాలియన్‌లో నా పేరు, వచ్చిన పని చెప్పాను. ఆవిడ ఇంగ్లీష్‌లో, "చాలా బాగా మాట్లాడుతున్నారు. మీది ఏ దేశం?" అన్నారు. ఇటాలియన్‌లో జవాబిచ్చాను. మళ్ళీ ఇంగ్లీషే. నా పక్కనున్న తెల్లాయనకి ఇటాలియన్‌లో నమస్కారం చెప్పడం కూడా రాదు. ఆయనతో మాత్రం ఓపిగ్గా ఇటాలియన్‌లోనే మాట్లాడారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పిలిచి పీట వేసి, విస్తట్లో ఏమీ వడ్డించకపోవడమంటే ఇదే.

"పోనీలే సుజాతా, హెల్ప్ చేద్దామనే కదా ఆవిడ. ఇంగ్లీష్‌లోనే అడిగేసెయ్," అన్నారు మావారు.

"ఇంగ్లీష్ వినడానికి ట్రైనెక్కి రావాలా? అది మన వీధిలోనే దొరుకుతుంది."

ప్రొఫెసర్ మూడోసారి ఇంగ్లీష్‌లో, పసిపిల్లకి చెప్పినట్టు మొదలుపెట్టారు. నేను ఇటాలియన్‌లో, "క్షమించండి, నాకు ఇంగ్లీష్ రాదు," అన్నాను. మావారికి కాఫీ పొలమారింది. ఈ దేశంలో ఇరవై ఏళ్ళ పైన ఫార్మా కంపెనీ రిపోర్టులు రాసినదాన్ని మరి.

ఆవిడకి వేరే దారి లేకపోయింది. ఏం కావాలని ఇటాలియన్‌లో అడిగారు. వియ్యపురాలికి మారు వడ్డించేటప్పుడు మొహమాటపడొద్దని ఎలా చెప్పాలో అడిగాను. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. వాళ్ళమ్మ అతిథుల్ని ఎలా బతిమాలేదో చెప్పారు, నాచేత అనిపించారు, తప్పులు దిద్దారు. బల్ల సర్దేసే దాకా కదల్లేదు.

మాట వచ్చిన సంతోషం ఉన్నా, తిరుగు ట్రైన్‌లో కూడా నా కోపం తగ్గలేదు. ఇంత బాగా నేర్పగలిగిన మనిషి, ముఖం చూసి నాకు ఇటాలియన్ అక్కర్లేదని ఎందుకు అనుకోవాలి? భాషని లోకానికి పంచుతామనే యూనివర్సిటీ ముందు ఎదుటివాళ్ళ మాట చెవిన పెట్టాలి. నవ్వుతూ చేసినా అవమానం అవమానమే.

అయినా మీరూ వెళ్ళండి. ఒక్క సలహా: ఇంగ్లీష్ రాదని గుమ్మంలోనే చెప్పేయండి. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్నారు పెద్దలు. వియ్యపురాలితో నాలుగు మాటలు మాట్లాడటానికి నేను ఆడింది ఒక్కటే.