ఇంట్లో అనకూడని మాట

నేను పిరికిదాన్ని. ఈ మాట చెబితే మా వాళ్ళెవరూ నమ్మరు. అడవి అంచు ఊళ్ళలో స్కూటీ మీద ఒక్కదాన్నే తిరుగుతాను, గొడ్డలి పట్టుకుని కూర్చున్న మనిషి పక్కన కూర్చుని టీ తాగాను, కాబట్టి నాది గుండె కాదు బండరాయి అని వాళ్ళ లెక్క. ఏమీ కాదు. ఫోన్ మోగితే చాలు, నా గుండె గుభేలుమంటుంది. మీద బల్లి పడితే వీధంతా వినబడేలా కేక పెడతాను. ఇన్నేళ్ళుగా ఈ పని చేస్తూ ఒక్క ఇంటి గడప కూడా భయం లేకుండా దాటలేదు.

మా పనికి ఇంగ్లీషులో బారెడు పేరుంది. ఎవరికైనా మనసు బాగా లేక ప్రాణం మీదికి తెచ్చుకునేలా ఉంటే ఆ ఇంటికి వెళ్ళాలి, మాట్లాడాలి, దవాఖానా దాకా తోడు పోవాలి, తర్వాత కూడా వెళ్ళి చూసి వస్తుండాలి. అంత పొడుగు పేరు ఎవరికి నోరు తిరుగుతుంది? ఊళ్ళలో నన్ను 'పిచ్చోళ్ళ మేడం' అంటారు. మొదట్లో ఒళ్ళు మండేది. ఆ పేరు చెబితేనే దారి చూపిస్తున్నారు కాబట్టి ఇప్పుడు నేనే అలా చెప్పుకుంటున్నాను.

ఈ పనిలో నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఒక ప్రశ్న. శిక్షణలో మొట్టమొదట నేర్పింది అదే. అవతలి మనిషిని సూటిగా అడగాలి, చచ్చిపోవాలనిపిస్తోందా అని. నసగకూడదు, డొంకతిరుగుడు వద్దు. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదని, ఉన్నదే బయటికి వస్తుందని మాకు నేర్పిన డాక్టరమ్మ చెప్పింది. చల్లటి గదిలో కూర్చుని ఎన్నైనా చెప్పొచ్చు. నేను వైరా ఊళ్ళో పుట్టి పెరిగిన పిల్లను. "ఈ ఎండకు చస్తున్నా" అని మాటవరసకు అన్నా మా అమ్మ నోటి మీద ఒక్కటిచ్చేది. "తథాస్తు దేవతలు తిరుగుతుంటరే! మంచి మాట రాదా నీ నోట్ల?" అనేది. డబ్బాలో బియ్యం అయిపోయాయని కూడా అననిచ్చేది కాదు, నిండుకున్నాయనే అనాలి. అలాంటి ఇంట్లో పెరిగిన నోటితో నేను ఒక కన్నతల్లి ఎదుట ఆమె కొడుకును ఆ మాట అడగాలి. అడిగిన ప్రతిసారీ నాలుక పిడచకట్టుకుపోతుంది.

మిరపకాయ కోతల కాలం. కారేపల్లి దాటి అడవి వైపు వెళ్ళే దారిలో ఉన్న ఒక ఊరి నుంచి ఆశా కార్యకర్త ఫోన్ చేసింది. నేను అన్నం ముందు కూర్చున్నాను.

"అక్కా, మా ఊర్ల ఒకాయనున్నడు. తల్లీ కొడుకులే ఉంటరు. చానా దినాల సంది ఆయనకు మాటా ముచ్చటా లేకుండె, పండుకుంటే లేవకపోయేది. ఇప్పుడు మంచిగైండని వాళ్ళమ్మ సంబురపడుతున్నది. నాకే ఎందుకో మనసొప్పుతలేదు. ఒక్కసారి వస్తవా?"

"మంచిగైతే నేనెందుకే తల్లీ? దిష్టి తియ్యనీకా?" అని విసుక్కున్నాను. విసుక్కుంటూనే కంచంలో చెయ్యి కడిగేసుకున్నాను. ఆ పిల్ల ఊరికే ఫోన్ చేసే రకం కాదు.

ఆ ఇల్లు ఊరి చివర ఉంది. మట్టి గోడలు, గడ్డి కప్పు. వాకిట్లో చాప మీద ఇప్పపువ్వు ఎండబోసి ఉంది. తల్లి నన్ను చూడగానే ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వు రాకున్నా అయిపోతుండె బిడ్డా, నా కొడుకు మంచిగైండు. చూడు, ఇంటి మీద కప్పంత కొత్తగ ఏసిండు. వానలకింక చానా దినాలున్నయిరా అన్నా ఇనలే. ఎడ్లను వాళ్ళక్క ఇంటికి తోలిచ్చి వచ్చిండు. ఫోను మేనల్లునికిచ్చిండు. ఇయ్యాల పొద్దుగాల తానం చేసి నా పక్కన కూసోని కడుపునిండ తిన్నడు. నా కాళ్ళకు నూనె రాసిండు. ఇంకేం గావాలె నాకు?"

ఆమె మొహం వెలిగిపోతోంది. నాకు మాత్రం వింటుంటేనే చేతులు చల్లబడ్డాయి. వ్యవసాయం చేసుకునే మనిషి ఎడ్లను ఎందుకు ఇచ్చేస్తాడు? నడి ఎండల్లో వానాకాలం కప్పు ఎందుకు వేస్తాడు? నెలల తరబడి లేచి కూర్చోవడానికే ఓపిక లేని వాళ్ళు ఉన్నట్టుండి తేటపడి, ఉన్నవన్నీ పంచిపెట్టి, ఇల్లు చక్కబెడుతున్నారంటే మాకు సంతోషం కలగదు. వాళ్ళు లోపల ఏదో తేల్చేసుకున్నారేమోనని భయం పుడుతుంది. ఆశా పిల్ల వైపు చూశాను. తను నా వైపే చూస్తోంది.

అతను చూరు కింద మంచం మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. "కూసోండి అక్కా" అని నవ్వి జరిగి చోటిచ్చాడు. నేను ఊపిరి గట్టిగా పీల్చుకున్నాను.

"తమ్మీ, నిన్నొక మాట అడుగుత. ఏమనుకోకు. నీకు చచ్చి..."

అంతే. తల్లి ఒక్క ఉదుటున వచ్చి నా నోరు మూసింది. నిజంగానే మూసింది, అరచేత్తో. ఆ చేయి ఇప్పపువ్వు వాసన వేస్తోంది.

"గా మాట ఇంట్ల అనొద్దు! నీకు దండం పెడుత, నా ఇంటి కప్పు కింద అనొద్దు. ఇంట్ల అన్న మాట యాడికీ పోదు, కప్పుల జొచ్చి కూసుంటది. పండుకుంటే పైకెల్లి చూస్తనే ఉంటది. వీళ్ళయ్యకు జరమొచ్చినప్పుడు ఎవరో గీడనే నిలబడి అన్నరు, ఈయన ఉండడని. ఉన్నడా?"

ఆమె ఏడుస్తోంది, నా మీద మండిపడుతోంది, రెండూ ఒకేసారి. ఇవన్నీ మూఢనమ్మకాలు అవ్వా అని చెప్పే ధైర్యం నాకు లేదు. నిజం చెప్పొద్దూ, నాలో సగం ఆమె పక్షమే. నా నోటితో అన్న తర్వాత రేపు ఏమైనా జరిగితే? ఆ కొత్త గడ్డి వైపు చూడాలంటేనే భయమేసింది. కానీ అడగకుండా స్కూటీ ఎక్కి వచ్చేస్తే ఈ మనిషి ఉండడని కూడా నా కడుపులో ఏదో చెబుతోంది.

"మరి యాడ అనొచ్చు అవ్వా?" అని అడిగాను.

ఆమె కళ్ళు తుడుచుకుని ఆలోచించింది. "చేనుకాడికి తోలుకపో. పైన కప్పుండొద్దు" అంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. చేను అడవిని ఆనుకుని ఉంటుంది. పురుగుమందులు ఉండేదీ అక్కడే, నీళ్ళ బావి ఉండేదీ అక్కడే. అలాంటి మనిషిని అలాంటి చోటికి తీసుకుపోకూడదని నాకు తెలుసు. కానీ ఆ తల్లి నన్ను ఇంట్లో అడగనివ్వదు, అతనేమో అప్పటికే లేచి చెప్పులు వేసుకుంటున్నాడు. ఎవరైనా పిలుస్తారా అని ఎదురు చూస్తున్నట్టే లేచాడు. "మమ్మల్ని కంటికి దూరం కానియ్యకు, ఆటో పిలువు" అని ఆశా పిల్ల చెవిలో చెప్పి అతని వెంట నడిచాను.

దారి పొడుగునా టేకాకులు రాలి ఉన్నాయి. అడుగు వేస్తే పటపటమంటున్నాయి, ప్రతి చప్పుడుకూ ఉలిక్కిపడుతున్నాను. అతను ముందు నడుస్తుంటే ఉండలేక గబగబా పోయి పక్కన నడిచాను. భయంతో నోరు ఊరుకోవడం లేదు. అడవి పందులు వస్తున్నాయా, ఈ కుక్క మీదేనా, ఈ చెట్టు పేరేంటి అంటూ వాగుతూనే ఉన్నాను. టేకు చెట్టును చూపించి పేరు అడిగితే ఎవరికి నవ్వు రాదు? అతను నవ్వాడు.

"ఏందక్కా, మీరే భయపడుతున్నరు?"

"అవ్ తమ్మీ, భయమైతంది."

"ఎందుకు?"

"నిన్ను చూస్తె."

అతను ఆగిపోయాడు. చేను గట్టు మీద ఉన్నాం. పైన కప్పు లేదు, ఎండ తప్ప ఏమీ లేదు. ఇంకా ఆలస్యం చేస్తే అడగలేనని తెలుసు. కళ్ళు మూసుకుని కాదు, అతని కళ్ళలోకి చూసే అడిగాను.

"చచ్చిపోవాలనిపిస్తున్నదా నీకు?"

అతను చేను వైపు తిరిగాడు. మిరప చేలో ఎవరూ లేరు. దేవుడా, అనకూడని మాట అన్నాను, వెనక్కి తీసుకునే వీలు కూడా లేదు అనుకున్నాను.

"అవ్" అన్నాడు అతను.

అని, గట్టు మీద కూలబడ్డాడు. నేనూ కూర్చున్నాను.

"ఇన్ని దినాలల్ల ఎవ్వరడగలే అక్కా. అందరూ ఏమైందిరా, ఏమైందిరా అంటరు. ఏం చెప్పాలె? ఏం గాలే. పంట మంచిగనే వచ్చింది, అమ్మ మంచిగనే చూసుకుంటది. ఏం గాకున్నా లోపలంత గిట్లైంది. గది చెప్తె ఎవరికి సమజైతది? నువ్వడిగిన దానికైతే నా కాడ జవాబున్నది."

"ఎప్పుడనుకున్నవ్?"

"ఇయ్యాలనే. పొద్దుగూకినంక. వానకాలం అమ్మ తడుస్తదని కప్పేసిన."

వాళ్ళమ్మ కాళ్ళకు నూనె ఎందుకు రాశాడో అప్పుడు అర్థమైంది. ఏడవకూడదని పళ్ళు బిగపట్టి, దేనితో అనుకున్నావని అడిగాను. అతను చేనులోని గుడిసె వైపు తలతిప్పాడు.

నువ్విక్కడే ఉండు, నేను తెస్తానని అనబోయి నోరు మూసుకున్నాను. ఒక్కణ్ణి వదలడమా? "దా, ఇద్దరం పోదాం" అని అతని మణికట్టు పట్టుకున్నాను. అతను విడిపించుకోలేదు. గుడిసె వెనక కట్టెల మోపు జరిపి పురుగుమందు డబ్బా తీసి తనంతట తానే నా చేతికిచ్చాడు. నా చెయ్యి ఎంతగా వణికిందంటే లోపలి మందు గలగలమని చప్పుడు చేసింది.

"మూత గట్టిగనే ఉన్నదక్కా, భయపడకు" అన్నాడు అతను. నాకు ధైర్యం చెప్పాడు, ఆ మనిషి!

ఒక చేత్తో డబ్బా, ఒక చేత్తో అతని చెయ్యి పట్టుకుని తిరిగొచ్చాను. తల్లి వాకిలి దాటి దారిలోకి వచ్చి నిలబడి ఉంది. డబ్బాను చూసింది. ఖాళీగా ఉన్న ఎడ్ల కొట్టాన్ని చూసింది. ఇంటి మీది కొత్త గడ్డిని చూసింది. అరుస్తుందేమో, నన్ను తిడుతుందేమో అనుకున్నాను. వచ్చి కొడుకు చొక్కా రెండు పిడికిళ్ళతో పట్టుకుని గుంజింది.

"నాకు చెప్పకపోదువారా? కన్నతల్లిని, నాకు చెప్పకపోదువా?"

"నువ్వు అడగలే గదమ్మా" అన్నాడు అతను, చాలా మెల్లగా.

డబ్బాను ఆశా పిల్లకు అప్పగించి, చేనులో ఇంకేమేం మందులున్నాయో వెతికి తీసేయించమని చెప్పాను. ఆటోలో మేం ముగ్గురం ఖమ్మం పెద్ద దవాఖానాకు వెళ్ళాం. దారంతా ఆమె కొడుకు చేతిని తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చాలా దూరం పోయాక నన్ను అడిగింది.

"రోజూ అడగాల్నా బిడ్డా, గా మాట?"

"అవ్ అవ్వా."

"ఇంట్లనా?"

"వద్దులే, బయటనే అడుగు" అన్నాను.

డాక్టర్ ఇచ్చిన మాత్రలు అతను సరిగానే వేసుకుంటున్నాడు. ఎడ్లు తిరిగి కొట్టంలోకి, ఫోన్ తిరిగి ఇంట్లోకి వచ్చాయి. అప్పుడప్పుడూ వెళ్ళి చూసి వస్తుంటాను. ఒకసారి వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది, వాన దంచి కొడుతోంది. చూరు కింద నిలబడి నేను స్కూటీ తుడుచుకుంటుంటే తల్లి గోనెసంచి నెత్తిన వేసుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని వాకిట్లోకి లాక్కుపోయింది. నడి వాకిట్లో, చూరు నీళ్ళు కూడా పడని చోట నిలబెట్టి మొహంలోకి చూస్తూ ఏదో అడిగింది. అతను తల అడ్డంగా ఊపాడు. "దా, అన్నం తిందాం" అని ఇద్దరూ తడిసి ముద్దై లోపలికి వచ్చారు.

"ఏంది అవ్వా, గింత వానల!" అన్నాను.

"మరి కప్పు కింద అడగొద్దు గద" అంది, అదేదో నాకే తెలియనట్టు.

మొన్న మళ్ళీ వాన పట్టింది. సాయంత్రం కూరగాయలు తరుగుతుంటే ఫోన్ మోగింది. అలవాటు ప్రకారం గుండె గుభేలుమంది. అవతల వాన చప్పుడు, ఆమె గొంతు.

"బిడ్డా, అడిగిన. ఇయ్యాల అవ్ అన్నడు."

కత్తిపీట పక్కకు నెట్టి లేచాను. "యాడున్నరు అవ్వా? ఒక్కణ్ణి వదలకు" అన్నాను.

"యాడ వదుల్త? వాకిట్లనే ఉన్నం. చెయ్యి పట్టుకొనే ఉన్న. ఆశా పిల్ల ఉరికొస్తంది. నువ్వు జల్దీ రా."

"వస్తున్న. మీరు తడుస్తున్రు, ఇంట్లకు పోండ్రి."

"పోము బిడ్డా. ఇంట్లకు పోతే మాట ఆపుతడేమో. చెప్తున్నడు, చెప్పనియ్యి" అంది.

స్కూటీ తాళం చేతికి దొరకడం లేదు. ఆమె ఫోన్ పెట్టెయ్యడం మరిచిపోయింది. వాన చప్పుడులో అతను మాట్లాడుతూనే ఉన్నాడు.