తొమ్మిది దాటిన నీరా

1964 వేసవిలో నన్ను అనకాపల్లి దగ్గరి ఒక బ్లాకులో గ్రామసేవికగా వేశారు. బడి గుమ్మం తొక్కకుండా మా నాన్నగారి దగ్గర ఇంట్లోనే చదువుకుని ప్రైవేటుగా మెట్రిక్ గట్టెక్కినదాన్ని. నన్ను నమ్మి ఉద్యోగమిచ్చినందుకు ఈనాటికీ కృతజ్ఞురాలినే. గ్రామసేవిక అంటే ఊరి ఆడవాళ్ళకు పోషకాహారం, పొగలేని పొయ్యి నేర్పే మనిషి. పైన ముఖ్యసేవిక, ఆ పైన బి.డి.ఓ. గారు, అంతకు పైన భగవంతుడు. చివరి ఇద్దరి వరుస విషయంలో బి.డి.ఓ. గారికి కొంత అనుమానం ఉండేది.

నేను చేరిన రెండో నెలలోనే ఆహార ప్రదర్శన పెట్టారు. చోడి (రాగి) అంబలి, కొత్త బెల్లం, నువ్వుండలు, అన్నిటికన్నా ముందు గుమ్మంలోనే నీరా. మద్యనిషేధం రోజులవి. కల్లు తాగితే నేరం, నీరా తాగితే దేశసేవ. రెండూ ఒకే తాటిచెట్టువి. లోపల సున్నం పూసిన కుండ కట్టి తెల్లవారుతూనే దించితే నీరా. ఎండెక్కితే అదే పులిసి కల్లు. అందుకని తొమ్మిదిలోపు అమ్మగా మిగిలినది పొయ్యి మీద పెట్టి తాటిబెల్లం వండెయ్యాలని నిబంధన. నీరా లైసెన్సు సింహాచలం అనే అతని పేర ఉండేది. ఆ కాగితం పోతే అతనికి చెట్టెక్కే హక్కు పోతుంది. కేసు పడితే జైలు.

జిల్లా నుంచి పెద్ద అధికారి ఎనిమిదింటికి వస్తారన్నారు. ఆయన రుచి చూసేదాకా ఎవరూ గ్లాసు ముట్టకూడదని బి.డి.ఓ. గారి ఉత్తర్వు. తొమ్మిది కావస్తుంటే, అధికారి గారు టిఫిను చేస్తున్నారని కబురొచ్చింది.

సింహాచలం నా దగ్గరకొచ్చాడు. "అమ్మగోరూ, ఇంక ఇది నా మాట ఇనదండి. పొయ్యెలిగించి బెల్లం సేసెత్తాను, సెలవియ్యండి."

వెళ్ళి అడిగాను. గుమ్మంలో స్టాలు ఖాళీగా కనిపిస్తే తన పరువేం కావాలన్నారు బి.డి.ఓ. గారు. నిబంధన నాకు తెలుసు. అయినా తిరిగొచ్చి ఆగమన్నాను, సింహాచలాన్ని. నీరాకు ఆ ఉత్తర్వు అందలేదు.

పదకొండింటికి కుండలో చిటపటలు. పన్నెండింటికి మూతగుడ్డ ఉబ్బింది.

"ఏటమ్మా ఇది, నన్ను జైల్లో ఎట్టించడానికేనా ఈ పెదర్సన?" అన్నాడు సింహాచలం. నేను అనకాపల్లి నూకాలమ్మ తల్లిని తలుచుకున్నాను.

ఒంటిగంటకు అధికారి గారు దయచేశారు. ఎండన పడి వచ్చారు, పాపం. ఒక గ్లాసు తాగి కళ్ళు మూసుకున్నారు. రెండోది అడిగి తీసుకున్నారు. మూడోది అడగకుండానే తీసుకున్నారు. ఆ తరవాత మైకు ముందు నీరా గుణాల మీద ముప్పావుగంట మాట్లాడి, బాలింతలకు ఇంతకు మించిన బలం లేదన్నారు. జీపెక్కబోతూ బి.డి.ఓ. గారిని కౌగిలించుకున్నారు. అంత ఆప్యాయత పై అధికారుల్లో అరుదు.

జీపు మలుపు తిరగగానే, స్టాలు తనిఖీకి వచ్చిన ఎక్సైజు సబిన్‌స్పెక్టరు కుండ వాసన చూసి పంచనామా కాగితం తీశారు. నీరా పేరుతో కల్లు పోసినట్టు కేసు. సింహాచలం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బి.డి.ఓ. గారికి సరిగ్గా అప్పుడే చోడి అంబలి మీద ఎనలేని ఆసక్తి పుట్టి అటు వెళ్ళిపోయారు.

నేను ముందుకెళ్ళాను. సాక్షి సంతకం నేనే పెడతానన్నాను. ఆగమన్నది నేనని, ఎవరి ఉత్తర్వు మీద ఆగమన్నానో కూడా రాయమన్నాను.

"తాగినవారి పేరు కూడా రాయండి బాబూ. ఒక్కరేనండి. మూడు గ్లాసులు," అన్నాను.

ఆయన కలం ఆగింది. కుండకేసి చూసి, "ఎండకి నీరాక్కూడా నురగొత్తది లెండి," అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"వత్తదండి బాబూ, బాగా వత్తది," అన్నాడు సింహాచలం. మిగిలినదంతా కాలవలో పారబోశాం.

ఆ అధికారి గారికి ఇప్పటికీ దీపం పెట్టేటప్పుడు ఒక నమస్కారం పెడతాను. రుచి నచ్చక ఆయన ఉమ్మేసి ఉంటే సింహాచలం జైలుకు వెళ్ళేవాడు. ఆ తరవాత నా సర్వీసులో ప్రతి ప్రదర్శనలోనూ నీరా స్టాలు పక్కన పొయ్యి వెలిగించే ఉంచాను. తొమ్మిదయితే, ఎవరు దారిలో ఉన్నా, కుండ పొయ్యెక్కేది. వేళకు చేయవలసిన పనికి మళ్ళీ ఎవరి అనుమతీ అడగలేదు.