కొత్త పెట్టకుండా తిన్న కమలా

కాసిందండీ... మా పెరట్లో కమలా చెట్టు కాసింది! ఒకటీ రెండూ కాదు, పదకొండు కాయలు! పొద్దున్నించి మూడుసార్లు లెక్కపెట్టాను. నాలుగోసారి వెళ్తుంటే మా అమ్మాయి లక్ష్మి కసిరింది... "ఏటి నాన్నా ఆ గెంతులు? మంచుకి జారి పడితే నిన్నెవలు మోత్తారు?"

మోయకపోతే పోనీ... అరవై ఏళ్ళ తర్వాత కాసింది మరి!

మా చిన్నప్పుడు... అరకు పైన మా కొండ ఊళ్ళో చలికాలమంటే మా అమ్మ పెరడే. ఇంటి వెనక ఆరు కమలా చెట్లు, వాటి పక్కన పందిరి మీద చిక్కుడు, కింద ముల్లంగి, వంగ, ఇంటి కప్పు మీదికి పాకిన గుమ్మడి... తెల్లారేసరికి ఆకుల మీద మంచు ఉప్పు చల్లినట్టు పేరుకునేది. ఎండ తగిలేలోపు కడగకపోతే ఆకు మాడిపోతుంది. అందుకని అమ్మ చీకటుండగానే లేచి ఊట దగ్గరికి వెళ్ళి కుండతో నీళ్ళు తెచ్చేది. చలిలో ఊట నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి. అవి చిలకరిస్తుంటే మొక్కల మీంచి ఆవిరి లేచేది... మొక్కలు కూడా మనలాగే నోటితో పొగ వదులుతున్నాయని మా చెల్లి చిలకమ్మ ఒకటే నవ్వేది.

మా కొండ మీద ఒక కట్టుబాటు ఉంది. ఏ పంట చేతికొచ్చినా ముందు చనిపోయిన పెద్దలకి పెట్టి, కొత్త పండగ చేసుకున్నాకే మనం నోట పెట్టాలి. చిక్కుడైనా, కమలా అయినా అంతే. కొత్త పెట్టకుండా తింటే చెట్టుకి కీడు.

ఆ ఏడు కొత్తకి ఇంకా నాలుగు రోజులుంది. చెల్లికి చలిజ్వరం. అయిదేళ్ళ పిల్ల... గంజి తాగదు, కళ్ళు తెరవదు. అమ్మ ఊటకి వెళ్ళింది. నాకు ఎనిమిదేళ్ళు, కాపలా నేనే.

"అన్నియ్యా... కమలా పండెట్టవా..."

"కొత్త అవనేదు కదే గుంటా. అమ్మ సంపేత్తది."

"ఒక్క తొన..."

దాని పెదాలు ఎండి చిట్లిపోయి ఉన్నాయి. ఇక ఆగలేకపోయాను... పండు కోసుకొచ్చి, తొన మీది పొర తీసి, ఒక్కోటే నోట్లో పెట్టాను. ఆఖరి తొన నేను తిన్నాను. ఎంత తియ్యగా ఉందో! తొక్కలు పొయ్యిలో పడేశాను.

అమ్మ కుండ దించుతూనే, "ఏట్రా, పొయ్యి కమలా వాసనేత్తంది?" అంది.

"ఏటో మరి" అన్నాను. నా వైపు ఒకసారి చూసి పొయ్యి ఎగదోసింది.

చెల్లి లేచి తిరిగింది. కానీ మరుసటి చలికాలానికి ఒక చెట్టు కొమ్మల చివర్ల నుంచి ఎండడం మొదలైంది. ఆ తర్వాత దాని పక్కది... మా ఊరి మంచిచెడ్డలు చూసే దిసారి వచ్చి మొదలు తడిమి, "ఎవలో కొత్త పెట్టకుండా నోరెట్టినారు" అన్నాడు. అమ్మ కోడిని మొక్కుకుంది. మొదళ్ళలో బూడిద పోసింది. ఊట నుంచి ఇంకా రెండు కుండలు ఎక్కువ మోసింది. ఏదీ పనిచెయ్యలేదు. ఆరు చెట్లూ పోయాయి. ఆఖరి చెట్టు కొట్టి పొయ్యిలో పెట్టిన రోజు అమ్మ అన్నం తినలేదు. అప్పుడూ నేను నోరు విప్పలేదు... అమ్మ పోయేదాకా విప్పలేదు.

పెద్దయ్యాక అదే పెరట్లో ఎన్ని నాటానో! గింజ మొలిచేది, నడుమెత్తు వచ్చేది, ఎండిపోయేది. చిక్కుడూ టమాటా విరగకాసే పెరట్లో కమలా మాత్రం నన్ను క్షమించలేదు. ఈ చెట్టొక్కటే తొమ్మిదేళ్ళు నిలబడింది. నేనూ అమ్మలాగే రోజూ మంచు కడిగాను.

సంతోషంలో అసలు సంగతి దాచకూడదు కదా... దీని కొమ్మల చివర్లు కూడా ఎండుతున్నాయి. లక్ష్మి తోటల ఆఫీసరుని తీసుకొచ్చి చూపించింది. అతనికి ఆ చిన్నప్పటి పండు సంగతి కూడా చెప్పేశాను. వేరుకుళ్ళట. "తెగులు ఈ మట్టిలోనే ఉంది తాతా. మీరు తిన్న పండుకీ దీనికీ సంబంధం లేదు. చచ్చే ముందు చెట్టు ఒక్కోసారి ఇలాగే గట్టిగా కాస్తుంది. వచ్చే చలికాలం దాకా ఉండదు. మళ్ళీ ఇక్కడ నాటకండి" అన్నాడు.

మంచి కుర్రాడే... అరవై ఏళ్ళ బరువు ఒక్క మాటతో దించేశాడు. కానీ ఆ మాట వినడానికి మా అమ్మేదీ?

ఇంకో నేలలో గింజ మొలిచి కాయాలంటే ఎనిమిదేళ్ళు పడుతుంది. నేను చూడను. మా పెరట్లో ఇదే ఆఖరు. ఒకప్పుడు మా కమలాలు కావిళ్ళతో కొండ దిగేవి... ఇప్పుడు మా సంతకే కింది నుంచి లారీలో కొండెక్కి వస్తున్నాయి. మీ ఇంటి వెనక పాత కమలా చెట్టు ఏదైనా బతికుంటే ఒక్క ముక్క రాయండి... ఆకు పచ్చగా ఉందని రాసినా చాలు, ఆ పూట హాయిగా ఉంటుంది నాకు.

అయినా పదకొండు కాయలండీ! కమలా గింజ ఎండితే మొలవదు. అందుకని మావాళ్ళంతా వచ్చే ఆదివారం కొత్తకి ఇక్కడికే రావాలి. పండు ఇక్కడే తిని, గింజలు తడిగుడ్డలో కట్టుకుని, వాళ్ళ నేలలో పెట్టుకోవాలి. ఇది చూసినవాళ్ళు బేగి చెప్పండి...

టైడాలో మా బావకి.

సీలేరులో మా మేనల్లుడు సింహాద్రికి. ఫోనెత్తడు, వాళ్ళావిడకి చెప్పండి.

పాడేరులో మా పిన్నికి. చెవి దగ్గర గట్టిగా చెప్పండి.

అనంతగిరిలో మా తోడల్లుడికి. కాఫీ తోటలో చోటు లేదంటాడు, వినకండి.

చింతూరులో మా చెల్లి చిలకమ్మకి. మోకాళ్ళ నొప్పులు, బస్సెక్కనంటుంది. దానికి ఇలా చెప్పండి... ఈసారి కొత్త పెట్టాకేనట, మొదటి పండు నీకేనట, తొన మీది పొర మీ అన్నియ్యే తీసి పెడతాడట అని.